కొండ కదిలిందన్న మనిషితో తొట్లకొండకి

ముప్ఫై ఒక్క ఏళ్ళు విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో డ్రాయింగులు గీశాను. భీమిలి దాకా తీరం వెంట ఉన్న కొండల ఎత్తులూ, వంపులూ ట్రేసింగ్ కాగితం మీద నా పెన్ను కింద ఎన్నిసార్లు నడిచాయో చెప్పలేను. ఒక్క కొండా ఎక్కలేదు. రిటైరైన ఏడాదికి ఆ సంగతి తట్టి సిగ్గేసింది. "ఈ వయసులో కొండలేంటే, మోకాలు పట్టేస్తే ఎవరు మోస్తారు?" అన్నారు మావారు. ఆయన స్టీలు ప్లాంటులో చేసి మానేసిన మనిషి. ఇద్దరిదీ తణుకు దగ్గరి ఊళ్ళే గానీ మాటకి మాట అప్పజెప్పడంలో ఆయన నాకు సాటిరారు. "నన్ను మొయ్యక్కర్లేదు గానీ మధ్యాహ్నం మీ అన్నం మీరు వండుకోండి" అని చెప్పి, జూలై ఆఖరి ఆదివారం చీకటుండగానే గాజువాకలో బయల్దేరాను.

అనుకున్న దారి ఇది. భీమిలి రోడ్డు మీద దిగి, కార్లు వెళ్ళే తారు రోడ్డున కాకుండా కాలిబాటన తొట్లకొండ ఎక్కడం, పైన బౌద్ధ భిక్షువుల కట్టడాలు చూడడం, ఓపికుంటే వెనక గట్టు మీద కాస్త తిరిగి దిగిపోవడం. సంచిలో రెండు లీటర్ల నీళ్ళు, నాలుగు చపాతీలు, గొడుగు, గీతల పుస్తకం, రెండు పెన్సిళ్ళు పెట్టుకున్నాను. నీళ్ళు ఇంకో లీటరు ఉండాల్సింది. వెళ్ళేవాళ్ళు అది గుర్తుంచుకోండి.

నాలుగూ యాభైకి గాజువాకలో బస్సెక్కితే ఐదున్నరకి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగాను. ఐదూ నలభై ఐదుకి భీమిలి వెళ్ళే 900కె దొరికింది. ఆడవాళ్ళకి చార్జీ లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టిక్కెట్ ఇస్తారు. కండక్టరు కార్డులో ఫోటోనీ నన్నూ రెండుసార్లు చూసి "మీరేనా మేడమ్?" అన్నాడు. "నేనే. అప్పుడు జుట్టు నల్లగా ఉండేది, బుద్ధి తక్కువగా ఉండేది" అన్నాను. పక్క సీటులో ఆవిడ గట్టిగా నవ్వింది.

ఆవిడ పేరు నూకాలమ్మ. అరవై దాటి ఉంటాయి, ఒళ్ళో ఖాళీ చేపల బుట్ట. జాలారిపేటలో చెల్లెలింటికి వెళ్ళి రాత్రి ఉండిపోయి సొంత ఊరికి వెళ్తోంది. తొట్లకొండకి కిందే, సముద్రం ఒడ్డున వాళ్ళ పల్లె.

"ఎక్కడికెల్తన్నారు మేడమ్ ఇంత పొద్దున్నే?" అంది.

"తొట్లకొండ ఎక్కడానికి."

"ఏటుందక్కడ? రాళ్ళే గదా."

"ఆ రాళ్ళు చూద్దామనే."

సాగర్‌నగర్ దాటాక నా వైపు తిరిగి, "అయితే మా ముసలోడ్ని కూడా తీసికెల్లండి. పుట్టిన కాణ్ణించి సముద్రం మీంచి ఆ కొండనే సూత్తన్నాడు. ఒక్కపాలీ ఎక్కలేదు. ఇప్పుడేమో కొండ కదిలిపోనాది అంతన్నాడు" అంది.

కొండ కదలడమేమిటని అడిగాను. రుషికొండ మీదుగా బస్సు వెళ్తున్నంతసేపూ ఆవిడ చెప్పింది. సముద్రంలో చేపలు చేరే చోట్లకి బోర్డులుండవు. ఒడ్డున దగ్గరగా ఉన్న గుర్తొకటి, దాని వెనక కొండ మీద గుర్తొకటి, రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చునేదాకా పడవ నడపాలి. పక్కకి, భీమిలి వైపు, అలాంటి జత ఇంకోటి చూసుకోవాలి. రెండు జతలూ కుదిరిన చోట అడుగున పెద్ద రాయి ఉంటుంది, దాని అంచున వల వెయ్యాలి. నూకాలమ్మ భర్త పోలయ్యకి వాళ్ళ తాత చూపించిన చోటది. ఈ ఏడాది వేసవిలో చేపల వేట మీద ఉండే నిషేధం అయ్యాక అది దొరకడం మానేసింది. నిషేధం రెండు నెలలూ మామా అల్లుడూ కూర్చుని కట్టుకున్న కొత్త వల మొదటి రోజే రాతికి పట్టుకుని చిరిగింది. బాగుచేసి మళ్ళీ వేస్తే మళ్ళీ చిరిగింది.

"పడవ నడిపేది మా అల్లుడు అప్పన్న. మా ముసలోడు ఒడ్డుకొచ్చి పది మందిలో 'కళ్ళు లేనోడా' అని తిట్టేసినాడు. నెల్లాళ్ళయింది, ఇద్దరికీ మాటల్లేవు. గుజరాత్ బోట్లకి మనుసుల్ని తీసుకెల్లే మేస్త్రి బుధారం వత్తాడు. అప్పన్న ఎల్లిపోతాను అంతన్నాడు. ఎల్తే ఎనిమిది నెల్లు రాడు. నా కూతురికి ఇద్దరు సిన్న పిల్లలు" అంది.

"మరి ఫోన్లో ఆ చోటు గుర్తుపెట్టుకునేవి ఉంటాయి కదండీ?"

"నానూ అదే అన్నాను. ముందు ఆ సోటు దొరికితే గదే ఫోన్లో నొక్కేది అన్నాడు."

ఏడు కాకుండానే వాళ్ళ ఊరి దగ్గర దిగాం. రోడ్డు పక్క పాకలో ఇడ్లీ, పల్లీ చట్నీ, ఒక టీ. చట్నీలో కారం గోదావరి వాళ్ళని ఏడిపించే లెక్కలో ఉంది. పోలయ్యని నూకాలమ్మ అక్కడికే తీసుకొచ్చింది. పొట్టిగా, గట్టిగా, ఎండకి నల్లబడిన మనిషి. డెబ్బైకి దగ్గర. రెండు మోకాళ్ళకీ గుడ్డ కట్టుకుని ఉన్నాడు. నన్ను ఎగాదిగా చూసి, "మీరు కొండల పటాలు గీసీవోరంట గదా. ఎవరేనా మిసన్లెట్టి కొండ తవ్వీసినారేటి?" అన్నాడు.

"నాకు తెలిసి ఈ గట్టు ఎవరూ తవ్వలేదండీ."

"మరి కదిలిపోనాది. నాను సూసాను. కొండ మీది నా గురుతు రాయి పక్కకెల్లిపోనాది."

నేను నమ్మలేదు. ఆయనా నన్ను నమ్మలేదు. అయినా ఏడూ నలభైకి ఇద్దరం నడక మొదలుపెట్టాం.

రోడ్డు దాటగానే జీడిమామిడి తోట, దాని వెనక నుంచి కాలిబాట. వానలు పడి పదిరోజులైనట్టుంది, కొండంతా పచ్చగా ఉంది. తడిమట్టి మీద ఎర్ర మఖమలు ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు నడుస్తున్నాయి. చూడక ఎన్నేళ్ళయిందో, వంగి కాసేపు చూశాను. పొదల మీదకి ఎగబాకిన అడవినాభి తీగలకి ఎరుపూ పసుపూ కలిసిన పూలున్నాయి. అవి విషం, తెంపకండి. దారి పొడవునా రాయి తుప్పు రంగులో ఉంటుంది. దగ్గరగా చూస్తే అందులో ఎర్రటి గింజలు మెరుస్తాయి. గోటితో గీకితే ఒకటి ఊడొచ్చింది, సంచిలో వేసుకుందామనుకుని, కొండ సొమ్ము కొండకే వదిలేశాను. ఎక్కడో ఒక నెమలి అరుస్తోంది.

పోలయ్య ఇరవై అడుగులకొకసారి ఆగుతున్నాడు. సముద్రంలో రోజంతా నిలబడగలిగే మనిషికి మెట్ట ఎక్కడం చేతకావడం లేదు. "నేల ఊగట్లేదు, అదీ ఇబ్బంది" అన్నాడు. పరిహాసమాడుతున్నాడేమో అని మొహం చూశాను. కాదు, నిజంగానే అంటున్నాడు. నా మోకాళ్ళూ గొప్పవేం కావు గనక ఇద్దరం ఒకరి పేరు చెప్పి ఒకరం ఆగుతూ ఎక్కాం.

తొమ్మిదికి పది నిమిషాలుండగా పైకి చేరాం. తొట్లకొండ పేరు ఊరికే రాలేదు. బండలోకి తొలిచిన తొట్లు, వాన నీళ్ళు నిలవడానికి. కొన్నిట్లో ఆ రోజూ నీళ్ళున్నాయి. చదునుగా ఉన్న మేరంతా ఇటుక పునాదులు. గుండ్రంగా పెద్ద స్తూపం, చుట్టూ చిన్నవి. స్తంభాల మొదళ్ళు మిగిలిన పెద్ద హాలు. వరసగా భిక్షువులు పడుకున్న గదులు, ఒక్కోటి నిండా ఒక మంచం పట్టేంత. రెండు వేల ఏళ్ళ కిందట ఇక్కడ మనుషులు కాపురమున్నారు. ఓడల మీద వచ్చిన రోము నాణేలు కూడా దొరికాయట. గోడల మందం, గదుల మూలలు, తలుపు రాళ్ళకి తొలిచిన గుంటలు చూస్తూ నేను అరగంట గడిపాను. కొలత పట్టీ తీసుకురానందుకు నన్ను నేను తిట్టుకున్నాను. మూలలు ఎంత సరిగ్గా కలిశాయో చూసి మా ఆఫీసులో కొందరి డ్రాయింగులు గుర్తొచ్చాయి. అవి ఇంత బాగా కలిసేవి కాదు.

పోలయ్య స్తూపం వైపు ఒక్కసారి చూసి దణ్ణం పెట్టాడు. తొట్ల దగ్గర మాత్రం గొంతుక్కూర్చున్నాడు.

"సముద్రం పక్కన బతికినోడికే తెలుత్తాది మంచినీల్లు దాసుకోవాలని. ఈలు మావోలే అయ్యుంటారు" అన్నాడు.

"భిక్షువులండీ. చేపలు పట్టేవాళ్ళు కాదు, తినేవాళ్ళూ కాదు."

"మరేటి తినీవోరు?"

"ఊళ్ళో అడుక్కుని తెచ్చుకునేవారు."

"ఊల్లో అంటే మావోల్ల దగ్గిరే గదా" అన్నాడు.

అక్కణ్ణించి సముద్రం చూస్తే ఎవరికైనా కాళ్ళు కదలవు. పోలయ్య మాత్రం సముద్రానికి వీపు పెట్టి కొండని వెతుకుతున్నాడు. ఆయన రాయి పేరు పందిరాయి. కాపలా మనిషిని అడిగితే అలాంటి పేరు విన్లేదన్నాడు. "నాకు తెలుసు, ఇటే" అని పోలయ్య ముందు నడిచాడు. ముళ్ళ పొదల్లోంచి నలభై నిమిషాలు నడిపించి ఒక బోడి బండ చివర ఆపాడు. అక్కడ పందీ లేదు, రాయీ లేదు. నా చీర కుచ్చిళ్ళు రెండు చోట్ల చిరిగాయి.

"రోజూ చూసే కొండ అన్నారు" అన్నాను విసుగ్గా.

ఆయన నాలుగు వైపులా తిరిగి చూశాడు. దారి తప్పిన మనిషి మొహం. "కొండ మీద నిలబడితే కొండ కనపడట్లేదమ్మా. నాకు సముద్రం మీంచే తెలుసు" అన్నాడు.

విసుగు పోయింది నాకు. ముప్ఫై ఏళ్ళు నేను చేసిందీ ఇలాంటిదే. కాగితం మీద తెలిసిన కొండలో పొద్దున్నుంచి ప్రతి మలుపూ కొత్తగానే ఉంది. ఒక చెట్టు నీడన కూర్చోబెట్టి రెండు చపాతీలిచ్చాను. గీతల పుస్తకం తీశాను.

"పడవలోంచి చూస్తే మీ కొండ ఎలా ఉంటుందో చెప్పండి. మీరు చెప్పినట్టు గీస్తాను."

కళ్ళు మూసుకుని చెప్పాడు. "ఎడం పక్క ఎనుబోతు పడుకున్నట్టుంటాది. దాని మూపు కాడ సిన్న పల్లం. పల్లం దాటగానే పంది ముట్టి పైకెత్తినట్టు రాయి. ముట్టి సివర సరిగ్గా కిందన అమ్మోరి గుడి సిఖరం రావాల."

గీశాను. "మూపు ఇంకా దిగాల" అన్నాడు. దించాను. "పంది ఇంత లావు కాదు." చెరిపి సన్నం చేశాను. నాలుగోసారి గీసింది పుస్తకంతో సహా లాక్కుని, చేయి చాపి దూరంగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూశాడు. "ఇదీ. ఇదీ నా కొండ" అన్నాడు. ఎవరో చుట్టాన్ని చూసినట్టు నవ్వాడు.

అప్పుడు నాకు అర్థమైంది. సముద్రం మీంచి ఎనుబోతూ పందీ అంటుకుని కనిపిస్తాయి. నిజానికి అవి రెండు వేరువేరు గట్లు. ఒకటి ముందు, ఒకటి చాలా వెనక. మధ్యలో లోయ. మేం ఎనుబోతు మీద తిరుగుతూ పందిని వెతుకుతున్నాం. ఆ మాట చెబితే ఆయన నమ్మలేదు. "రెండూ ఒకటే కొండ. మా తాత సెప్పినాడు" అన్నాడు. "మీ తాతగారు ఎక్కారా?" అంటే ఒళ్ళో చపాతీ ముక్కలు దులుపుకుని లేచాడు.

పదీ ఇరవైకి లోయలోకి దిగాం. అది దారి కాదు, మేకలు నడిచే జాడ. చినుకులు మొదలై గొడుగు తెరిస్తే పొదలకి పట్టుకుంది, మూసేసి తడిశాం. ఎక్కేటప్పుడు ఒక చోట ఆయన చెయ్యి నేను పట్టుకున్నాను, ఇంకో చోట నా చెయ్యి ఆయన పట్టుకున్నాడు. పదకొండుంబావుకి గట్టు అంచున పొదల మధ్య నుంచి రెండు నిలువుల ఎత్తు రాయి కనిపించింది. ముందుకి సాగిన మూతి. ఎవరు చూసినా పందే అంటారు.

దాని చుట్టూ తిరిగి చూశాను. నాచు పట్టి ఉంది, అడుగున మట్టి కదలలేదు, పక్కన బండ పగల్లేదు. వందల ఏళ్ళుగా ఎవరూ ముట్టుకున్న గుర్తు లేదు. పోలయ్య రెండు అరచేతులూ దాని మీద పెట్టి నిలబడ్డాడు. సంతోషిస్తాడనుకున్నాను. మొహం వాడిపోయింది.

"ఇక్కడే ఉందేటి ఇది" అన్నాడు. "రాయి కదల్లేదంటే కళ్ళు పోయినట్టే గదమ్మా. అప్పన్నయి కాదు. నాయి" అన్నాడు.

ఆ మనిషి నెల్లాళ్ళుగా కొండ కదిలిందని ఎందుకు పట్టుబట్టాడో అప్పుడు తెలిసింది నాకు. ఏదో ఒకటి చెయ్యాలని పుస్తకం తెరిచి, రాయి మూతి వెనక నిలబడి కిందకి చూశాను. పల్లె, ఇసుక మీద పడవలు, సముద్రం. ఆ వరసలో కొట్టొచ్చినట్టు కనిపించేది ఒకటే, గులాబీ రంగు గుడి. రంగు ఇంకా ఎండకి వెలవలేదు.

"పోలయ్య గారూ, ఆ గుడి ఎప్పుడు కట్టారు?"

"వేట లేని రెండు నెలల్లో కట్టాం. పాతది సముద్రం గాలికి పెచ్చులూడిపోనాది."

"పాతది కూడా సరిగ్గా అక్కడేనా?"

ఆయన రాయి మీంచి చేతులు తీసేశాడు.

"ఎంత జరిపారు?"

"ఇరవై అడుగులు" అన్నాడు చాలా మెల్లగా.

కాగితం మీద మూడు చుక్కలు పెట్టాను. రాయి, గుడి, పడవ. రాయి నుంచి గుడికి కిలోమీటరు, గుడి నుంచి పడవకి ఆరు. గుడిని కాస్త జరిపి గీత గీస్తే పడవ ఎంత జరుగుతుందో ఆయనకి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. పుట్టినప్పటి నుంచి ఆ గీతల మీదే బతికిన మనిషి. ఒడ్డున ఇరవై అడుగులు, సముద్రంలో నూట నలభై. వల వెయ్యాల్సిన అంచు వదిలేసి సముద్రం అడుగున ఉన్న రాయి నెత్తిన వెయ్యడానికి అది చాలు.

"పాత పునాది మీదే కట్టుకుందారి అన్నాడు తాపీ మేస్త్రి" అన్నాడు పోలయ్య. "నానే ఒప్పుకోలేదు. అమ్మోరు మా పడవలొచ్చే రేవుని సూడాల, ఇటు జరపండి అని పంతం పట్టాను. పెద్దోడ్ని గదా, ఊరంతా నా మాట ఇన్నాది. మొదటి రాయి నానే ఎట్టాను."

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామని చూశాను గానీ నా వల్ల కాలేదు. ఆయన కోపంగా చూశాడు. తర్వాత ఆయనకీ నవ్వొచ్చి, కళ్ళు తుడుచుకుంటూ రాయికి జారబడి కూర్చున్నాడు. "ఆడ్ని కళ్ళు లేనోడా అన్నాను" అన్నాడు నవ్వు ఆగాక. "పది మందిలో అన్నాను."

దిగేటప్పుడు ఆయన ఎక్కడా ఆగలేదు. మోకాళ్ళు నొప్పి లేదా అంటే ఉందన్నాడు. పన్నెండూ యాభైకి పల్లెలో ఉన్నాం. కొత్త గుడి పక్కన పాత పునాది ఇంకా ఉంది, దాని మీద ఎవరో చేపలు ఎండబెట్టారు. గుడి నీడన ముగ్గురు ముసలివాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు. అప్పన్న పడవ దగ్గర ఇంజను తుడుస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళవాడు, బక్కగా, మాట తక్కువ మనిషి. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు గానీ దగ్గరికి రాలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఏ ఇంటి గుర్తులు ఆ ఇంటి గుట్టు. అన్నదమ్ములు కూడా ఒకరికొకరు చెప్పుకోరు. అల్లుడికి చెప్పింది కూడా పెళ్ళైన మూడేళ్ళకట. పోలయ్య అల్లుణ్ణి ఇంట్లోకి పిలిచి తలుపేసుకుని చెబుతాడనుకున్నాను. ఆయన గుడి ముందే నిలబడ్డాడు.

"అప్పన్నా, ఇటు రా" అని పిలిచాడు. "పది మందిలో తిట్టాను, పది మందిలోనే సెప్తన్నాను. నీ కళ్ళు బాగానే ఉన్నాయి. మన గురుతు ఈ గుడి. దీన్ని జరిపింది నాను. తప్పు నాది."

అప్పన్న తల దించుకున్నాడు. వల కుట్టుకుంటున్న ఒకాయన సూది ఆపి గుడి వైపు చూశాడు, పాత పునాది వైపు చూశాడు.

"బావా" అన్నాడు నెమ్మదిగా, "మా గురుతు కూడా ఇదే. నిసేదం అయ్యాక మాకూ దొరకట్లేదు."

రెండో ఆయన గొంతు సవరించుకున్నాడు. మూడో ఆయన అప్పటికే చెప్పులు వేసుకుని పునాది మీద చేపలు తియ్యడానికి వెళ్తున్నాడు. నెల్లాళ్ళుగా సగం ఊరు తన చోటు పోగొట్టుకుని, గుట్టు బయటపడుతుందని ఎవరికీ చెప్పుకోకుండా ఎవరి ఇంట్లో వాళ్ళు గొడవపడుతున్నారు. ఇలాంటి పొరపాటు ఇంకెవరికీ సాధ్యం కాదనిపించింది.

పాత చోట వెదురు గెడ నిలబెట్టాలనుకున్నారు. అమ్మవారికి చెప్పకుండా అక్కడ ఏదీ పాతకూడదు. నూకాలమ్మ పసుపు నీళ్ళు తెచ్చి పునాది మీద పోసింది. "తల్లీ, నిన్ను కదపట్లేదు. నువ్విక్కడే ఉండు. ఇది మా కళ్ళ కోసం" అని గుడి వైపు తిరిగి చెప్పింది. పాత శిఖరం ఎంత ఎత్తుండేదో దాని మీద నలుగురూ వాదించుకుని, గెడ చివర ఎర్ర గుడ్డ కట్టి నిలబెట్టారు. గెడ నిలువుగా ఉందో లేదో చూసే పని నాకిచ్చారు. పుస్తకం అంచు పట్టి చూసి, అర అంగుళం వాలిందని సరిచేయించాను.

మూడింటికి పడవ దించారు. చుక్కాని దగ్గరికి పోలయ్య వెళ్ళలేదు, ముందు వైపు కూర్చుని వెనక అప్పన్నకి చోటిచ్చాడు. పడవ వెళ్ళాక నూకాలమ్మ ఇంట్లో చేపల పులుసుతో అన్నం తిన్నాను. ఏం చేప అని అడిగితే చెప్పింది గానీ తింటూ మర్చిపోయాను. చెప్పగలిగింది ఒకటే, ఇంట్లో మావారు వండుకున్న అన్నం గురించి ఒక్కసారీ తలుచుకోలేదు. ఐదూ నలభైకి పడవ వచ్చింది. వల చిరగలేదు. రెండు బుట్టలు నిండలేదు గానీ అడుగు కనపడకుండా ఉన్నాయి. పోలయ్య దిగీ దిగకుండానే ఫోను ఎత్తి చూపించాడు. "నొక్కీసాం" అన్నాడు.

ఆరుంబావుకి అప్పన్న నన్ను బండి మీద బస్టాపు దగ్గర దింపాడు. భీమిలి నుంచి బస్సు రావడానికి ఇంకా టైముంది. పోనీలే, పిల్లాడు ఇంట్లో ఉంటాడు అని మనసులో సంబరపడుతూ, "అయితే బుధవారం మేస్త్రికి రానని చెబుతావా?" అని అడిగాను.

"పొద్దున్నే సెప్పేసానండి, ఫోన్లో" అన్నాడు.

"పొద్దున్నా? అప్పటికి మేము కొండ దిగలేదు కదయ్యా. చోటు దొరుకుతుందని నీకెలా తెలుసు?"

"తెలీదండి." బండి హ్యాండిలు మీద చెయ్యి పెట్టాడు. "మావ మోకాళ్ళకి గుడ్డ కట్టుకుని కొండెక్కుతున్నాడని అత్త సెప్పినాది. గట్టు మీద ఆగి ఆగి ఎక్కుతుంటే నాను రేవులోంచి సూసాను. ఆ ముసలోడు అంత కట్టపడి ఎవరి కోసం ఎక్కుతాడండీ? అప్పుడే ఫోన్ సేసీసాను."

"ఈ మాట మీ మామగారికి చెప్పావా?" అన్నాను.

"సెప్పలేదండి. మీరూ సెప్పకండి. నూరు మెట్లు దిగొచ్చి పది మందిలో తప్పు నాది అన్నాడు గదా. దాని వల్లే నాను ఉండిపోయాననుకోనీండి."

బస్సు వచ్చింది. సున్నా టిక్కెట్, కిటికీ పక్క సీటు. సాగర్‌నగర్ దాకా ఏడ్చాను, కండక్టరు చూసినా దాచుకోలేదు. కాంప్లెక్స్‌కి ఏడూ ఇరవై, ఇంటికి ఎనిమిదిన్నర. మావారు వండిన అన్నం మెత్తబడింది, అయినా బాగుందన్నాను.

మీరు వెళ్ళదలుచుకుంటే వానలు పడ్డ పది రోజుల తర్వాత వెళ్ళండి, పొద్దున్నే మొదలుపెట్టండి, మూడు లీటర్ల నీళ్ళు తీసుకెళ్ళండి. ఇక్కడ రాసిన మనుషుల పేర్లు, రాయి పేరు, గుడి రంగు అన్నీ మార్చాను. ఆ పల్లెల్లో ఒకదానిలో గుడి పక్కన ఎర్ర గుడ్డ కట్టిన గెడ కనిపిస్తుంది. దాని కింద మోకాళ్ళకి గుడ్డ కట్టుకున్న ఒక పెద్దాయన కూర్చుని, అల్లుడి చేత తప్పు ఎలా మాఫీ చేయించుకున్నాడో మీరడక్కుండానే చెబుతాడు. మొత్తం వినండి, ఔనండీ అనండి. పొద్దున్న వెళ్ళిన ఫోను సంగతి మాత్రం ఆయనతో అనకండి.